సూరత్‌లో సంతకం ఎవరికి అక్కర్లేదు, ఎవరికి దొరకదు

సూరత్ రింగ్ రోడ్డు మీది బట్టల మార్కెట్లలో లక్షల రూపాయల సరుకు నోటి మాట మీద కదులుతుంది. మొదటిసారి వెళ్లినవాళ్లకు ఆ ఊరి గురించి బాగా గుర్తుండిపోయేది అదే. వరంగల్‌లో మా ఇంటివాళ్లు నడిపే చీరల దుకాణం కోసం కొనుగోలుకు వెళ్లినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఏళ్ల తరబడి ఈ పని చూసిన మా బాబాయి మోకాళ్ల నొప్పులతో ప్రయాణాలు మానేసి, ఈసారి నన్ను పంపాడు. బయల్దేరే ముందు ఆయన చెప్పింది ఒకటే: "రేటు అడుగు, రంగు అడుగు, కాయితం మాత్రం అడగకు. అడిగితే మనం నమ్మలేదనుకుంటరు."

వరంగల్ నుంచి సూరత్‌కు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. బల్లార్షా, భుసావల్, జల్‌గావ్, నందుర్బార్ మీదుగా పోతుంది. ఆ రైలు మా జిల్లాకు ఎంత ముఖ్యమైనదో ఎక్కితే గానీ తెలియదు. ఏసీ బోగీలో నాలాంటి దుకాణాలవాళ్లు, ఏజెంట్లు. జనరల్ బోగీలో సంచులు, సకినాల డబ్బాలు పట్టుకుని సంక్రాంతి పండుగ చేసుకుని తిరిగి పనికి పోతున్న నేతపనివాళ్లు. చీర కొనేవాళ్లను, చీర గుడ్డ నేసేవాళ్లను ఒకే రైలు మోసుకుపోతుంది. దిగాక మాత్రం ఎవరి దారి వాళ్లది.

ఊరు నాకు నచ్చింది, మర్యాదకు అంటున్న మాట కాదిది. రాత్రి పదకొండు దాటాక ఆడవాళ్లు ఒంటరిగా స్కూటర్ల మీద ఇంటికి పోతుంటారు, వాళ్లను ఎవరూ వింతగా చూడరు. పెద్ద రోడ్లను రాత్రిపూట ఊడుస్తారు, తెల్లారేసరికి దుమ్ము ఉండదు. చలికాలం కాబట్టి బండ్ల మీద పోంక్ అమ్ముతున్నారు. మన పచ్చజొన్న ఊచబియ్యమే, పక్కన సన్న సేవ్, నిమ్మరసం కలిపిన చట్నీ. పొద్దున లోచో తిన్నాను. శనగపిండితో ఆవిరి మీద ఉడికించే ఖమణ్ చేయబోయి పిండి సరిగా కుదరక పుట్టిన వంటకమని చెబుతారు, ఎలా పుట్టినా నూనె, సేవ్, ఉల్లిపాయ వేసుకుని వేడిగా తింటే ఆకలి తీరుతుంది. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీవాళ్ల సామెత. ఆదివారం సాయంత్రం కుటుంబాలు ఇంట్లో వండుకున్నవి డబ్బాల్లో పెట్టుకుని వచ్చి రోడ్డు పక్కన చాపలు పరుచుకుని తింటుంటే, ఆ సామెత ఊరికే పుట్టలేదనిపిస్తుంది.

మార్కెట్‌లో రోజు ఆలస్యంగా మొదలవుతుంది. పొద్దున పదిన్నర, పదకొండు దాకా చాలా షట్టర్లు లేవవు. ఆ తర్వాత లిఫ్టుల దగ్గర వరుసలు, మెట్ల మీద వీపున బేళ్లు మోసుకుంటూ దిగేవాళ్లు, కింద టెంపోలు. దుకాణంలోకి వెళ్తే చెప్పులు బయట విడిచి తెల్లటి గద్దీ పరుపు మీద కూర్చోవాలి. ముందు నీళ్లు, తర్వాత చిన్న గ్లాసులో చాయ్, ఆ తర్వాతే చీర. నన్ను "బెన్" అని, అంటే అక్కా అని పిలిచారు. మగవాళ్లే ఎక్కువగా వచ్చే చోట ఆ పిలుపుతోనే సగం బెరుకు పోయింది. ఒక్కో క్యాటలాగ్‌లో ఆరో ఎనిమిదో రంగులుంటాయి, సెట్టు మొత్తం తీసుకోవాలి, మనకు నచ్చిన రంగు ఒక్కటే ఇవ్వమంటే ఇవ్వరు. మాకు కావలసింది పెట్టుబడి చీరలు. మాఘమాసం పెళ్లిళ్లకు ఆడబిడ్డలకు, వదినెలకు, ఇంటికి వచ్చిన ముత్తయిదువులకు పెట్టేవి. కట్టుకునే చీర కంచిలోనో పోచంపల్లిలోనో కొన్నా, పెట్టే చీరలు ఎక్కువగా సూరత్‌వే. తెలుగిళ్లల్లో పెళ్లికి ఎన్ని పెట్టుబడి చీరలు కొంటారో లెక్క వేసుకుంటే, ఆ ఊరితో మనకున్న సంబంధం ఎంత పెద్దదో తెలుస్తుంది.

సరుకు ఎంచుకున్నాక డబ్బు సంగతి. ఏజెంటు మా బాబాయి పేరు చెప్పాడు. దుకాణాదారు తలూపాడు. ఎన్ని రోజుల ఉద్దెరో ఒక్క మాటలో తేలింది. సంతకం లేదు, చెక్కు లేదు. సరుకు రెండు రోజుల్లో ట్రాన్స్‌పోర్ట్‌లో పడుతుందన్నాడు, పడింది కూడా. అంతకుముందు నన్ను ఎన్నడూ చూడని మనిషి లక్షలు చేసే సరుకు పంపాడు. అప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ పోలేదు.

వ్యాపారం మీద వెళ్లినవాళ్లు చాలామంది ఈ ముచ్చట ఇక్కడితో ఆపుతారు. సూరత్ అంటే నమ్మకం, మాట మీద నిలబడే మనుషులు, కాగితాల గొడవ లేని పాతకాలపు వ్యాపారం అని చెబుతారు. మా అంగళ్ల వీధిలో ఎంతమంది నోట ఈ మాట విన్నానో. నా అభ్యంతరం ఇక్కడే. ఆ నమ్మకం నిజమే, దాని కింద కాగితం లేదన్నది మాత్రం నిజం కాదు.

మా బేళ్లతో పాటు ఏమేం వచ్చాయో చూడండి. జీఎస్టీ నంబరుతో బిల్లు. సరుకు విలువ యాభై వేలు దాటింది కాబట్టి రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు. ట్రాన్స్‌పోర్ట్‌వాడి బిల్టీ, అంటే సరుకు రసీదు. ఏజెంటు పుస్తకంలో మా ఖాతా. రేపు మేం డబ్బు ఎగ్గొడితే ఆ దుకాణాదారు చేతిలో ఇన్ని ఆధారాలున్నాయి. చిన్న ఉత్పత్తిదారుకు చట్టం ఇంకా బలంగా అండగా ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొన్న సరుకుకు లిఖిత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అలా కట్టని మొత్తాన్ని చెల్లించేదాకా ఖర్చు కింద చూపనివ్వకుండా 2023లో ఆదాయపు పన్ను చట్టానికి 43బీ(హెచ్) అనే నిబంధన చేర్చారు. 2024 మొదట్లో దీనివల్ల ఆర్డర్లు రద్దయ్యాయని, సరుకు వాపస్ వచ్చిందని సూరత్ మార్కెట్ అల్లాడింది. ఉద్దెర మాటలన్నీ ఒక్కసారిగా తేదీల లెక్కలోకి వచ్చాయి. అంటే గద్దీ మీద కూర్చుని చెప్పే మాటకు అడుగున బిల్లు ఉంది, ఆ బిల్లుకు అడుగున చట్టం ఉంది. అందుకే ఆ మాట అంత నిబ్బరంగా నిలబడుతుంది.

కాగితం అసలే లేని మనుషులను నేను లింబాయత్‌లో చూశాను.

మా దుకాణానికి వచ్చే ఒకావిడ వాళ్ల అన్నకు ఇవ్వమని సకినాలు పంపింది. ఆయనది పరకాల వైపు ఊరు. సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో లింబాయత్ ఒకటి. అక్కడ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది, దసరా ముందు బతుకమ్మ ఆడతారు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మా ప్రాంతం నుంచి, సిరిసిల్ల వైపు నుంచి వెళ్లిన నేతపనివాళ్లు ఆ ఊరికి ఎంత పాతవాళ్లో ఆ బడులే సాక్ష్యం. మార్కెట్‌లో తిరిగినంతసేపూ వాళ్లున్నారన్న సంగతే నాకు ఎక్కడా కనబడలేదు. రింగ్ రోడ్డు నుంచి ఆటోలో కొద్దిసేపే, అయినా మరో ఊరికి వచ్చినట్టుంది.

ఆయన పనిచేసే షెడ్డు దగ్గరికే వెళ్లాను. సిరిసిల్లలో సాంచలు, అంటే కరెంటు మగ్గాలు విన్నవాళ్లకు ఆ చప్పుడు తెలుసు, ఇక్కడ అది రెండంతలు. లోపల మాట వినబడదు, సైగలతోనే పని. ఒక్కో మనిషి పన్నెండు గంటలు నిలబడి అనేక మగ్గాలు చూసుకుంటాడు. పోగు తెగితే ముడి, కండె అయిపోతే కండె, మళ్లీ పక్క మగ్గం. పగటి పాళీవాళ్లు దిగగానే రాత్రి పాళీవాళ్లు ఎక్కుతారు. గదుల్లోనూ అదే లెక్క. ఒకరు లేచిన చోట ఇంకొకరు పడుకుంటారు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లు ఉధ్నా, కతార్‌గామ్, వేద్ రోడ్డు వైపు లక్షల్లో ఉన్నారు, వాళ్ల బతుకూ ఇదే. మేం "షిఫాన్" అనో "జార్జెట్" అనో పేరు పెట్టి అమ్మే చీర అక్కడ రంగు వేయని గ్రే గుడ్డగా పుడుతుంది. తర్వాత పాండేసరా మిల్లుల్లో రంగు, అచ్చు. ఆ తర్వాత ఇళ్లల్లో ఆడవాళ్ల చేతుల మీద లేసు, స్టోన్ పని, చీరకు ఇంత అని. చివరికి మడతపెట్టి డబ్బాలోకి. నేను గద్దీ మీద చూసింది ఆ చివరి మెట్టు ఒక్కటే.

పాళీ దిగాక ఆయన చాయ్ తాగుతూ మాట్లాడాడు. పనిలో పెట్టుకున్నప్పుడు ఏమైనా రాసిచ్చారా అని అడిగాను.

"ఏం రాసిస్తరు బిడ్డా. వచ్చినమా, మీటర్లు కొట్టినమా, పైసలు తీసుకున్నమా, అంతే."

జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. మీటర్లు, రేటు, గుణిస్తే వచ్చిన మొత్తం. పైన యజమాని పేరు లేదు, కార్ఖానా పేరు లేదు, తేదీ లేదు, ఆయన పేరు కూడా లేదు. కూరగాయల లెక్క రాసుకున్నా అంతకంటే వివరంగా ఉంటుంది. తలలో నల్ల వెంట్రుక మిగలని మనిషి, పెళ్లికి ముందు నుంచి ఈ ఊళ్లోనే నేస్తున్నాడు. ఇక్కడ పని చేశాడని చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు.

పక్క షెడ్డులో కరెంటు షాకు తగిలి ఒక పిల్లవాడు చనిపోయిన సంగతి చెప్పాడు. వాడు మా పనివాడు కాదు, ఎవరినో కలవడానికి వచ్చాడు అన్నాడట యజమాని. తర్వాత ఎంతో కొంత చేతిలో పెట్టి శవాన్ని ఊరికి పంపించారు. ఎంత ఇచ్చారన్నది ఆ యజమాని దయ. 1923 నాటి నష్టపరిహార చట్టం కిందనైనా, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కిందనైనా కుటుంబం ముందు నిరూపించాల్సింది ఒకటుంది: చనిపోయిన మనిషి అక్కడ పనిచేసేవాడని. పేరు లేని చీటీతో దాన్ని ఎవరు నిరూపించగలరు?

మా తాత వరంగల్ అజంజాహి మిల్లులో నేతపనే చేశాడు. 1934లో మొదలైన మిల్లు, 2002లో మూతపడింది. మిల్లు ఇచ్చిన కార్డు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, దాని మీద ఆయన పేరు, తండ్రి పేరు, టోకెన్ నంబరు, విభాగం ఉన్నాయి. ఆ కార్డుతోనే మిల్లు ఆసుపత్రికి పోయేవాడు, దాని ఆధారంతోనే ప్రావిడెంట్ ఫండ్ తీసుకున్నాడు. తాత నేసిందీ గుడ్డే, లింబాయత్‌లో ఈయన నేసేదీ గుడ్డే. తొంభై ఏళ్ల కింద నిజాం పాలనలోని ఊళ్లో ఒక మిల్లు ఇవ్వగలిగిన కార్డు, ఇవాళ ఫోన్‌లో ఈ-వే బిల్లు పుట్టించే ఊళ్లో ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న.

దీనికి మార్కెట్‌లో జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పనివాళ్లే కాగితం వద్దంటారు, పీఎఫ్ కోస్తే చేతికొచ్చేది తగ్గుతుందని వాళ్ల బాధ, అని ఒకరు. వాళ్లు ఒక చోట నిలవరు, పది పైసలు ఎక్కువిస్తే పక్క షెడ్డుకు పోతారు, అని మరొకరు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, కాదనను. అయినా పీఎఫ్ వేరు, పేరుతో జీతం చీటీ వేరు. చీటీ మీద పేరూ తేదీ వేస్తే ఎవరి చేతికొచ్చేదీ తగ్గదు. షెడ్డు మారేవాడికి అయితే ఆ చీటీ ఇంకా అవసరం, ఎక్కడెక్కడ ఎన్నాళ్లు చేశాడో చెప్పేది అదే కదా. ఆధార్ ఉంది కదా అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది, ఎవరి దగ్గర పనిచేశాడో చెప్పదు.

చట్టం లేక కాదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. వినడానికి బాగుంది. కానీ వాటిలో ఒకటైన పని భద్రత కోడ్ మామూలుగా వర్తించేది పది మందీ అంతకు మించీ ఉన్న చోట్లకు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట పది మంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో అది ఇరవై అయింది. ఒకే షెడ్డును నాలుగు పేర్లతో నాలుగు చిన్న యూనిట్లుగా చూపించడం మగ్గాల వ్యాపారంలో పాత అలవాటు. ఒక గోడకు ఈ పక్క ఒక పేరు, ఆ పక్క అన్నదమ్ముడి పేరు. హద్దు ఇరవైకి పెంచిన చట్టం ఆ గోడలను కూల్చదు, ఇంకో గోడ కట్టుకోనిస్తుంది.

ఊరికి చేతకాదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చినప్పుడు సూరత్ నుంచి జనం లక్షల్లో పారిపోయారు. మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, మన తెలుగువాడే, జోన్లకు అధికారాలు పంచి, అధికారులను పొద్దున్నే వీధుల్లోకి పంపి, ఏ వీధి ఎవరి బాధ్యతో రాసిపెట్టి ఊరి తీరు మార్చాడు. దేశంలోనే మురికి ఊరని పేరుపడ్డ సూరత్ రెండేళ్లు తిరగకుండానే శుభ్రమైన నగరాల వరసలోకి వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం తీసుకుంది. గుజరాతీవాళ్లు పుట్టుకతోనే శుభ్రమైనవాళ్లని, మనకు ఆ బుద్ధి లేదని మన ఊళ్లల్లో అంటుంటారు. అది తప్పు. 1994కు ముందూ వాళ్లు గుజరాతీవాళ్లే. మారింది బాధ్యతల లెక్క. ఏ వీధిలో చెత్త ఎవరు ఎత్తాలో రాసిపెట్టుకున్న ఊరికి, ఏ షెడ్డులో ఎవరు నేస్తున్నారో రాసిపెట్టడం కష్టం కాదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ సూరత్ కార్మికులు ఇంటికి పంపండని రోడ్ల మీదికి వచ్చినప్పుడు, వాళ్లకు కూలీ బాకీ ఉన్నదెవరో తేల్చే పట్టీ లేకపోవడం ఎంత పెద్ద లోటో దేశమంతా చూసింది.

మరి అడగాల్సింది ఎవరు? తిరుప్పూర్‌లో విదేశీ బ్రాండ్లకు బనియన్లు కుట్టేచోట పనివాళ్ల రిజిస్టర్లు చూపించకపోతే ఆర్డర్ రాదు, కొనేవాడు తనిఖీకి మనిషిని పంపుతాడు. ఆ తనిఖీల్లో ఎన్ని లోపాలున్నా రిజిస్టర్ అనేది ఒకటి ఉండి తీరుతుంది. సూరత్ చీరకు అలా అడిగే కొనుగోలుదారు లేడు, ఎందుకంటే ఆ కొనుగోలుదారు మనమే. వరంగల్, విజయవాడ, రాజమండ్రి, హైదరాబాద్ దుకాణాలం. రంగు పోతుందా అని తడిపి చూస్తాం, అంచు సరిగా ఉందా అని విప్పి చూస్తాం, పావలా తేడాకు గంట బేరమాడతాం. నేసినవాడి పేరు ఎక్కడైనా రాసి ఉందా అని మనలో ఎవరూ అడగరు. మా జిల్లాలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్‌కూ భివండీకీ షోలాపూర్‌కూ పోయిన నేతన్నలు తిరిగి రావాలన్నారు. రావాలనే నేనూ కోరుకుంటాను. వచ్చినవాడు ఇన్నేళ్లు నేశానని ఏ కాగితం చూపించి అక్కడ పనికి చేరాలి?

ఈ సీజన్ నుంచి మా ఆర్డర్ కాగితంలో ఒక వరుస చేర్చాను: గ్రే గుడ్డ ఏ యూనిట్‌ది, అక్కడ పనివాళ్లకు పేరు, తేదీ ఉన్న జీతం చీటీ ఇస్తున్నారా. బాబాయికి మొదట నచ్చలేదు. పాత సంబంధాలు చెడతాయని భయపడ్డాడు, చెడలేదు. చాలామంది దుకాణాదార్లు గ్రే మేం బజారులో కొంటాం, నేసేవాళ్లతో మాకు సంబంధం లేదన్నారు. ఒకాయన మాత్రం ఒక షెడ్డు యజమాని నంబరు ఇచ్చాడు. ఆ యజమాని ఒకప్పుడు తానే మగ్గం మీద పనిచేసి పైకి వచ్చిన మనిషి. ఫోన్‌లో మాట దాచలేదు. "చీటీ మీద నా పేరు వేస్తే రేపు ఇన్‌స్పెక్టర్ ముందు నా దగ్గరికే వస్తాడు బెన్, పేరు వేయనివాడి దగ్గరికి పోడు" అన్నాడు.

ఆయన భయం న్యాయమైనదే. కాబట్టి ముందుకొచ్చి పేర్లు రాసే యూనిట్లకు పాత ఏళ్ల జరిమానాలు ఉండవని గుజరాత్ ప్రభుత్వం ఒక గడువు పెట్టి ప్రకటించాలి. మగ్గాలకు కరెంటు మీటర్లు ఎటూ ఉన్నాయి, షెడ్ల జాబితా వాటితోనే మొదలుపెట్టవచ్చు, గోడకు రెండు పక్కలా రెండు పేర్లున్నా. తెలంగాణ ప్రభుత్వం తన వైపు నుంచి సూరత్‌లోని మన నేతపనివాళ్ల వివరాలు అక్కడికే వెళ్లి రాసుకోవాలి. మా వస్త్ర వ్యాపారుల సంఘం వచ్చే సమావేశంలో ఆర్డర్ కాగితంలో ఈ వరుసను అందరం పెట్టాలని అడగబోతున్నాను. ఒక్క దుకాణం అడిగితే నంబరు ఇచ్చి ఊరుకుంటారు. మాఘమాసం ఆర్డర్లన్నీ ఆ వరుసతో వెళ్తే, గ్రే బజారులో కొంటామన్నవాళ్లు ఎవరి దగ్గర కొంటున్నారో చెప్పక తప్పదు.